గంజాయి మొక్క

గంజాయి కన్నాబేసి కుటుంబానికి చెందిన ఏకవార్షిక మొక్క. దీని శాస్త్రీయ నామం కన్నాబిస్ సటైవా. ఆసియా ఖండం దీని జన్మస్థానం. హిమాలయ ప్రాంతాలలో కలుపుమొక్కవలె తనంత తానే పెరుగుతుంది. నార, గింజలు, మందు, మత్తు కొరకు మానవుడు దీనిని వేల ఏళ్ళుగా పెంచుతున్నాడు. భారతదేశంలో అనుమతి లేకుండా ఈ మొక్కను పెంచడం నేరం.

పేర్లు

సంస్కృతంలో దీనికి భంగ, విజయ అనే పేర్లు ఉన్నాయి. ఆంగ్లంలో హెంప్ అంటారు. ఈ మాటను తెలుగులో జనుము అనో, జనపనార అనో అనువదించడం వలన పాఠకులు పొరబడే అవకాశం ఉంది. మన పొలాలలో పచ్చిరొట్ట కొరకు చల్లే జనుము చిక్కుడు కుటుంబానికి చెందినది. ఆంగ్లంలో దానిని సన్ హెంప్ అంటారు. దక్కను హెంప్ అనబడేది మన గోగు. దాని ఆకులు గంజాయి ఆకులను పోలి ఉండుట వలన శాస్త్రీయ నామంలో కన్నాబినస్ అనే మాట చేరింది. భీమునిపట్నం పేరు మీద గోగునారకు బిమ్లీ జూట్ అనే వ్యాపార నామం కూడా వచ్చింది. జనుముకు గాని, గోగుకు గాని మత్తు గుణం లేదు.

లక్షణాలు

మొక్క సుమారు 1 నుండి 5 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఆకులు హస్తాకారంలో, రంపపు పళ్ళవంటి అంచులు గల పత్రకాలతో ఉంటాయి. సాధారణంగా మగపూలు, ఆడపూలు వేరువేరు మొక్కలపై పూస్తాయి. పరాగ సంపర్కం గాలి ద్వారా జరుగుతుంది. ఆడపూలను చుట్టి ఉండే చిన్న ఆకులపై సన్నని గ్రంథులు జిగురును స్రవిస్తాయి. మత్తు కలిగించే టెట్రాహైడ్రోకన్నాబినాల్ ఈ జిగురులోనే అధికంగా ఉంటుంది. ఈ పదార్థాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెచౌలమ్, యెహియెల్ గావోని శుద్ధరూపంలో వేరుచేశారు. ఫలదీకరణ జరగని పూలలో జిగురు ఎక్కువ. అందుచేత బ్రిటిష్ పాలనలో బెంగాలులో లైసెన్సుపై గంజాయి పండించిన రోజులలో, పుప్పొడి రాలకముందే మగమొక్కలను గుర్తించి పీకివేయుటకు అనుభవజ్ఞులను ప్రత్యేకంగా పిలిపించేవారు.

ఈ ఒక్క మొక్క నుండే మూడు మత్తు పదార్థాలు వస్తాయి. ఆకులతో చేసేది భంగు, ఆడమొక్క పూతకొనలు గంజాయి, వేరుచేసిన జిగురు చరస్. భంగు కంటే గంజాయి, గంజాయి కంటే చరస్ సాధారణంగా తీవ్రమైనవి.

రకాలు

లిన్నేయస్ 1753లో సటైవా అని, లామార్క్ 1785లో భారతదేశపు మొక్కకు ఇండికా అని పేర్లు పెట్టారు. 1924లో రష్యాలో రుడెరాలిస్ అనే పొట్టి రకాన్ని వర్ణించారు. ఇవన్నీ ఒకే జాతి అని పలువురు వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆచరణలో మత్తు పదార్థపు శాతమే ముఖ్యం. అది 0.3 శాతం మించని మొక్కలను అనేక దేశాలలో నార పంటగా పరిగణిస్తారు. ఉత్తరాఖండ్ ప్రభుత్వం 2018లో అటువంటి సాగుకు లైసెన్సు ఇచ్చింది.

ఉపయోగాలు

కాండపు నారతో తాళ్ళు, తెరచాపలు, కాగితం తయారుచేసేవారు. గింజలలో సుమారు 30 శాతం నూనె ఉంటుంది. గింజలను, వాటి నూనెను, పిండిని ఆహారంగా వాడుటకు భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021లో ప్రమాణాలు నిర్ణయించింది.

ఆయుర్వేదంలో దీనిని శుద్ధిచేసి వాడతారు. కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన ఓషాగ్నెసీ 1839లో ధనుర్వాతం, కీళ్ళవాతం వంటి వ్యాధులలో దీని ప్రయోగాన్ని వివరించగా, ఐరోపా వైద్యులకు దీనిపై ఆసక్తి పెరిగింది. ఈ మొక్కలోని కన్నాబిడియోల్‌తో చేసిన మందును కొన్ని అరుదైన మూర్ఛవ్యాధుల కొరకు 2018లో అమెరికాలో ఆమోదించారు. ఆ పదార్థం మత్తు కలిగించదు. కనుక ఆ మందును చూపి గంజాయి పొగ ఆరోగ్యకరమనడం పొరపాటు. అలవాటు పడినవారిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గవచ్చు. చిన్న వయసులో మొదలుపెట్టినవారికి మానసిక రుగ్మతల ప్రమాదం ఎక్కువ.

చట్టం

1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం సంపూర్ణ నిషేధం అవసరం లేదని తేల్చింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని, చరస్‌ను నిషేధించింది. పూత లేని ఆకులు, గింజలు ఈ చట్టంలోని గంజాయి నిర్వచనంలోకి రావు. భంగును రాష్ట్రాల ఆబ్కారీ చట్టాలు నియంత్రిస్తాయి. అనుమతి లేని సాగుకు 10 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష పడవచ్చు. గంజాయి 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం; శిక్ష 10 నుండి 20 సంవత్సరాలు.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండలలో దొంగచాటుగా సాగుచేస్తున్న తోటలను ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విస్తృతంగా నరికివేశారు. పట్టుబడేవారిలో కూలి కొరకు మూటలు మోసినవారు కూడా ఉంటారు. సరుకు ఎవరిదైనా, తెలిసి మోసినవారికి చట్టం తక్కువ శిక్షను ప్రత్యేకంగా పేర్కొనలేదు.