ఫోనులోని మాటకు తాళము ఎవరిది?

"అయ్యగారూ, ఫేస్‌బుక్‌లో పెట్టిన మాటను తీసివేసే అధికారము ఎవరిది?" అని మన యౌవనస్థులు మమ్మును అడుగుతుంటారు. ప్రియ చదువరులారా, ఆ తాళము ఇద్దరి చేతుల్లో ఉన్నది.

మొదటిది ప్రభుత్వము. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణించగా ముంబయి మూతబడింది. ఈ బంద్ ఎందుకని పాల్ఘర్‌లో ఒక యువతి ఫేస్‌బుక్‌లో వ్రాసింది. స్నేహితురాలు లైక్ కొట్టింది. పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. అది చూచి శ్రేయా సింఘాల్ అను యువతి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015 మార్చి 24న కోర్టు ఐటీ చట్టములోని 66ఎ సెక్షనును కొట్టివేసింది.

అయితే 69ఎ నిలిచింది. దాని క్రింద దేశభద్రత వంటి కారణములతో ఫలానా మాటను కనబడకుండా చేయుమని ప్రభుత్వము కంపెనీని ఆదేశించవచ్చు. వినకపోతే 7 సంవత్సరముల వరకు జైలు. ఆ ఆదేశములు రహస్యము గనుక, వ్రాసినవారికి కారణము తెలియకపోవచ్చు.

రెండవది కంపెనీ. తన నిబంధనలు చూపి, ఏ కోర్టూ చెప్పకుండానే అది మన మాటను తీసివేయగలదు.

మరి మనమేమి చేయాలి? 2021 నియమముల ప్రకారము కంపెనీకి ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ జవాబు తృప్తినివ్వకపోతే 30 రోజులలోగా అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. ఆ కమిటీని నియమించేదీ ప్రభుత్వమే; అయినను అడుగుట మానకూడదు. ఒక యువతి అడిగినందుననే గదా 66ఎ సంగతి కోర్టు మెట్లెక్కింది!