మునిగిన వరి పిండి పొదుపు: మీకు తెలుసా?

• వాన తెరిపివ్వక మడి మునిగితే డెల్టా రైతు లెక్కపెట్టేది రోజులే. మొక్కకూ అదే లెక్క. ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. పైగా బురదనీటిలో వెలుతురు అందదు. కొత్తగా ఆహారం తయారవదు, దాచుకున్నదే దిక్కు.

• ఆక్సిజన్ ఉంటే ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి దాదాపు 30 ఏటీపీలు వస్తాయి. కణం ఏ పని చేయాలన్నా ఖర్చుపెట్టేది వాటినే. ఆక్సిజన్ లేకపోతే వచ్చేవి రెండే. అందుకే ఊపిరాడని వరి, ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ వంటి ఎంజైముల జన్యువులకు గంటల్లోనే పని పెంచుతుంది. కల్లుకుండలో ఈస్టు చేసే పులియబెట్టే పనే మొక్క తన ఒంట్లో చేసుకుంటుంది.

• మునిగిన వరి చాలావరకు తల పైకి తేల్చాలని ఆకులు సాగదీస్తుంది. ఉన్న పిండిపదార్థమంతా ఆ పరుగుకే అయిపోతుంది. నీరు తీశాక మడిలోకి దిగితే తెలుస్తుంది: పాలిపోయిన పొడుగాటి ఆకులు బురదకు అతుక్కుని ఉంటాయి, మొదలు నొక్కితే మెత్తగా తగులుతుంది. సబ్1ఎ జన్యువు ఉన్న మొక్క మాత్రం ఎదుగుదల ఆపేస్తుంది. పిండిని చక్కెరగా విడగొట్టే జన్యువులను అదుపులో పెట్టి, రెండు వారాల దాకా ఓర్చుకుంటుంది. నీరు దిగాక గట్టిగా మిగిలిన ఆ మొదలు నుంచే చిగురు వేస్తుంది.

• ఆ జన్యువు ఒడిశా దేశవాళీ వరి ధల్‌పుట్టియా నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్13ఎ రకంలోది. 2006లో శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029లోకి సంకరం ద్వారా దాన్ని తెచ్చారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు. స్వర్ణ-సబ్1 పేరుతో 2009లో మన దేశంలో విడుదలైంది. ముంపు పొలాల్లో ఏటేటా ఆ పాత విత్తనాన్ని కాపాడుకొచ్చిన రైతుల పేర్లు మనకు తెలియవు. నా దృష్టిలో ఈ విజయంలో సగం వాళ్లదే.

• లోతునీటి వరి దారి వేరు. నెలల తరబడి నీరు నిలిచేచోట ఓర్చుకుని కూర్చుంటే లాభం లేదు. స్నార్కెల్ జన్యువుల బలంతో అది రోజుకు 20 సెంటీమీటర్లకు పైగా కూడా పెరగగలదు.

• నీటి అడుగున గాలి అందకపోయినా వరి గింజ మొలకెత్తగలదు, గోధుమ గింజకు అది సాధ్యం కాదు. వరిలో పిండిని కరిగించే అమైలేజ్ జన్యువు ఆక్సిజన్ లేకున్నా పనిచేయడమే కారణం. చక్కెర తగ్గిందని పసిగట్టి దాన్ని నిద్రలేపే ఎస్ఎన్ఆర్‌కె1 ప్రోటీనుకు దగ్గరి బంధువు మన కణాల్లోనూ ఉంది. అలా మొలిచే గింజ వేరును ఆపి, ముందు తెల్లటి మొలక తొడుగును పైకి పంపుతుంది. దాని కొసకు గాలి తగిలాకే వేరు బురదలోకి దిగుతుంది.