లీటరు నూనె.. కిలో తూగదు!

లీటరు నూనె ప్యాకెట్‌ను కాటాపై ఉంచితే కిలో తూగదు. నికరంగా తేలేది సుమారు 910 గ్రాములే. దీన్ని చూసి దుకాణదారు మోసం చేశాడని భావించే వినియోగదారులు ఎందరో ఉన్నారు. లీటరు, కిలో ఒకటేనని నమ్మి నిజంగానే నష్టపోతున్న వారూ ఉన్నారు. ఈ రెండింటికీ మధ్య ఉన్న లెక్క తెలిస్తే అనవసర తగాదాలూ ఉండవు, జేబుకు చిల్లూ పడదు.

కొలత వేరు.. తూకం వేరు

లీటరు అనేది ఒక వస్తువు ఆక్రమించే స్థలానికి కొలత. కిలో బరువుకు కొలత. ఈ భేదం మన పెద్దలకు కొత్తది కాదు. సోల, తవ్వ, మానిక, కుంచం కొలపాత్రలు కాగా వీశె, మణుగు తూనికలు. ఒకే మానికతో కొలిచినా బియ్యం బరువు వేరు, అటుకుల బరువు వేరు. లీటరు స్థలంలో ఎంత బరువు ఇముడుతుందో తెలిపేదే సాంద్రత. నీటి విషయంలో మాత్రమే లీటరు దాదాపు కిలోకు సమానం.

లెక్క ఇలా..

* లీటర్లను సాంద్రతతో గుణిస్తే కిలోలు వస్తాయి.
* కిలోలను సాంద్రతతో భాగిస్తే లీటర్లు వస్తాయి.
* లీటరుకు సుమారుగా వంటనూనె 0.91 కిలో, పాలు 1.03 కిలో, తేనె 1.4 కిలో తూగుతాయి. అర కిలో తేనె సీసా చిన్నదిగా కనిపించడానికి కారణమిదే. అందులో ఉండేది దాదాపు 360 మిల్లీలీటర్లే.

డబ్బా కొనేటప్పుడు జాగ్రత్త

పెళ్లిళ్లకు, హోటళ్లకు కొనే నూనె డబ్బాల్లో 15 కిలోలవీ, 15 లీటర్లవీ ఉంటాయి. చూపులకు రెండూ ఒకేలా ఉన్నా లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కిలోలే. తేడా 1.35 కిలోలు. ధర పోల్చేటప్పుడూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఉదాహరణకు విడి నూనె కిలో రూ.150, ప్యాకెట్ లీటరు రూ.140 అనుకుంటే ప్యాకెట్టే చవకగా తోస్తుంది. కానీ 140ని 0.91తో భాగిస్తే కిలో దాదాపు రూ.154 పడుతుంది.

పాడి రైతుకు ఇది మరీ ముఖ్యం. ధర కిలోకు నిర్ణయించి, పాలను లీటర్లలో కొలిచి అదే అంకెను కిలోలుగా రాస్తే ప్రతి 10 లీటర్లకు 300 గ్రాములు పోతాయి. రోజూ 10 లీటర్లు పోసే రైతుకు నెలకు 9 కిలోల పాల సొమ్ము గల్లంతైనట్లే.

వేడి చేస్తే..

నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల వద్ద 893 గ్రాములే తూగుతుంది. అధిక ఉష్ణోగ్రతను పేర్కొంటూ లీటరు అని ముద్రిస్తే వినియోగదారుకు తక్కువ నూనె అందుతుంది. అందుకే ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణాన్ని, దాంతోపాటు బరువును ముద్రించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టులో తయారీదారులకు సూచించింది. లేబుళ్లు సరిచేసుకోవడానికి 2023 జనవరి 15 వరకు గడువిచ్చింది.

ప్యాకెట్‌పై ధర కంటే ముందు నికర బరువును చూడటం మేలు. ఖాళీ కవరు బరువు తీసివేశాక కూడా ముద్రించిన దానికన్నా తక్కువ తూగితే బిల్లుతో తూనికలు, కొలతల శాఖ అధికారులను ఆశ్రయించవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసీ ఫిర్యాదు చేయవచ్చు.