సైన్స్ సినిమాలు - మా హాస్టల్ వాదన

పెద్దగా ఆడిన సైన్స్ సినిమాల మీద మా గదుల్లో రాత్రి స్టడీ అవర్ అయ్యాక చాలా వాదనలు జరిగాయి. ఏది నిజంగా సైన్స్ సినిమా, ఏది సైన్స్ పేరు పెట్టుకున్న ఫైటింగ్ సినిమా అన్నదే తగాదా. చివరికి మేమంతా ఒక కొలత పెట్టుకున్నాం. కథకుడు లేనిదాన్ని ఒకటి ఊహించుకోవచ్చు. కానీ ఆ తర్వాత కథంతా దానికి కట్టుబడి నడవాలి.

ఈ కొలతకు బాగా నిలిచింది సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369'. 1991లో వచ్చిన ఈ సినిమాలో ఊహ ఒక్కటే, కాలంలో తిరిగే యంత్రం. అది 1526లో కృష్ణదేవరాయల కొలువుకూ, తర్వాత 2504కూ పోతుంది. మన ఆదోని కోట కూడా ఆ రోజుల్లో విజయనగర రాజ్యంలోదే కాబట్టి రాయల సీన్లు మాకు ఎక్కువ నచ్చాయి.

2018లో వచ్చిన '2.0' గ్రాఫిక్సు బ్రహ్మాండం. అయితే సెల్ టవర్ల వల్లే పక్షులు చనిపోతున్నాయని అందులో చెప్పినదానికి గట్టి ఆధారాలు లేవు. చిన్న తరగతుల తమ్ముళ్ళు దాన్ని పాఠంలాగా నమ్మకూడదు.

'ఇంటర్‌స్టెల్లార్' (2014) దగ్గర మాత్రం అందరం ఆగిపోయాం. అందులో ఒక గ్రహం మీద గంటసేపు ఉంటే భూమి మీద 7 సంవత్సరాలు గడుస్తాయి. ఇది కట్టుకథ అని కొందరన్నారు. కాదు. గురుత్వాకర్షణ ఎక్కువగా ఉన్నచోట కాలం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1915 నాటి సిద్ధాంతం చెబుతుంది. ఈ సినిమాకు సైన్సు సలహాలిచ్చిన కిప్ థోర్న్‌కు 2017లో నోబెల్ కూడా వచ్చింది. మన ఫోన్లకు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు వాటి వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే నేల మీద గడియారాల కన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుంటాయి. దాన్ని సరిచేయకపోతే ఒక్క రోజులోనే దారి కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది.

ఆ గ్రహం మీద నుంచి హీరో ఓడలోకి తిరిగి వచ్చేసరికి 23 ఏళ్ళు గడిచిపోతాయి. పిల్లలు పెద్దవాళ్ళైపోయి ఉంటారు. వాళ్ళు పంపిన వీడియోలు చూస్తూ అతను ఏడుస్తుంటే మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. గుంటూరు వైపు మిరప కోతకు సుగ్గికి పోయిన అమ్మానాన్నలు తిరిగొచ్చి 'ఎంత ఎత్తు పెరిగినావురా' అనడం మాలో చాలామందికి తెలుసు.

ఇక 'కల్కి 2898 ఏడి'. నాగ్ అశ్విన్ తీసిన ఈ సినిమా 2024 జూన్ 27న విడుదలైంది. ఆ సంవత్సరం లెక్క ఇలా చూడండి. కలియుగం క్రీస్తు పూర్వం 3102లో మొదలైందని సంప్రదాయం. దానికి 2898 కలిపితే 6000. ఆ కాలానికి గంగ ఎండిపోయింది. లోకంలో మిగిలిన పచ్చదనం, నీళ్ళు అన్నీ ఆకాశంలో తలకిందుల పిరమిడ్ లాంటి 'కాంప్లెక్సు'లో ఉన్నాయి. కింద కాశీ జనం గుక్కెడు నీళ్ళకు అల్లాడుతుంటారు. పైకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి.

అంత బరువు గాలిలో ఎలా నిలుస్తుందో సినిమాలో చెప్పలేదు. మా కొలత ప్రకారం అది మార్కులు తగ్గించవలసిన విషయమే. అశ్వత్థామ ఫైట్లు కూడా కాస్త ఎక్కువయ్యాయి. కానీ నీళ్ళ సంగతి మాత్రం మాకు ఊహలాగా అనిపించలేదు. మన గోనెగండ్ల మండలంలోనే హంద్రీ మీద గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది. 4.5 టీఎంసీల ఆ జలాశయానికి దేశంలో మొదటి దళిత ముఖ్యమంత్రి, మన జిల్లా పెద్దపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య గారి పేరే పెట్టారు. వానలు లేని ఏడు అందులో అడుగు కనిపిస్తుంది, సుగ్గి లారీలు ముందే కదులుతాయి.

కల్కిలో భైరవకు ఒక్కటే ధ్యాస. ఎలాగైనా యూనిట్లు సంపాదించి కాంప్లెక్సులోకి పోవాలి. శంభల వాళ్ళు మాత్రం ఆ కాంప్లెక్సు మీదే పోరాడతారు. మా వాదన ఇక్కడే తెగలేదు. బాగా చదివి ఉద్యోగం తెచ్చుకుని, ముందు అమ్మానాన్నలను సుగ్గి మాన్పించాలని సగం మంది భైరవ పక్షం. అందరమూ అలా పైకి పోతే ఊరికి నీళ్ళు అడిగేదెవరని మిగతా సగం శంభల పక్షం. పూర్వ విద్యార్థులైన అన్నలు ఏ పక్షమో వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మాకు చెప్పవలసిందిగా మనవి.