మాంసము లోపల ఉడికినదో లేదో తెలుపు ఉష్ణమాపకము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో మాంసము వండుట యనగా నిన్నమొన్నటివరకు కూర వండుటయే. ఇంట నైన గిన్నెలో, విందు నైన డేగిసాలో చిన్న చిన్న ముక్కలు పులుసుతో కలసి మసలుచుండెడివి. ఇల్లాలు గరిటెతో ఒక ముక్కను తీసి, వ్రేళ్ల నడుమ నొక్కి చూచి, ఉడికినదని చెప్పినచో ఉడికినట్లే. ఆ తీర్పునకు ఏ పరికరముతోను పని లేకుండెను.

ఇప్పుడు పరిస్థితి కొంత మారినది. పట్టణములందే గాక మండల కేంద్రములలోను, పెద్ద గ్రామములలోను ఓవెను అను విద్యుత్తు పొయ్యిలు కనబడుచున్నవి. కేకులకును రొట్టెలకును కొన్న ఈ పొయ్యిలో కొలది దినములలోనే మసాలా పట్టించిన కోడి నిలువునా ప్రవేశించును. పిదప గొఱ్ఱె తొడ ప్రవేశించును. 2019 నాటి పశుగణనలో ఒక కోటి తొంబది లక్షల గొఱ్ఱెలతో దేశమున ప్రథమస్థానము పొందిన రాష్ట్రము మనది గనుక ఇందులో ఆశ్చర్యము లేదు. కాని కూర గిన్నెకు చెల్లిన అనుభవము ఈ పొయ్యికి చెల్లదు. ఆ భేదమును పంచాయతీ సభ్యులు ముందుగా గ్రహింపవలసియున్నది.

మసలు పులుసులో ప్రతి ముక్క చుట్టును దాదాపు 100 డిగ్రీల వేడిగల నీరుండును. నీరు వేడిని త్వరగా అందించును. ముక్క చిన్నది గనుక కొలది నిమిషములలోనే నడిమివరకు కాగును. ఓవెనులో నుండునది గాలి. ఆ గాలి 180 లేక 200 డిగ్రీలు కాగియున్నను, వేడిని మాంసమునకు మెల్లగా అందించును. పైచర్మము ఎండి ఎఱ్ఱబడును, లోపలికి మాత్రము వేడి నత్తనడక నడచును. కాబట్టి పైన మాడిన మాంసము లోపల పచ్చిగా ఉండుట ఈ పొయ్యిలో అరుదైన విషయము కాదు.

ఈ వ్యాసకర్త యింటనే ఒక పండుగనాడు కోడిని ఇట్లు కాల్చితిమి. చర్మము బంగారు వన్నె దేరినది. వాసన వీధివరకు పోయినది. వంటల పుస్తకములో చెప్పిన కాలమునకు మరి పది నిమిషములు చేర్చియే బయటికి తీసితిమి. పెద్దలకు రొమ్ము ముక్కలు వడ్డించిన పిమ్మట తొడ విడదీయగా, కీలువద్ద మాంసము పచ్చిగా, జారుచు కనబడినది. అప్పటికే పిల్లలు తొడముక్కలకై చేతులు చాచియుండిరి. కోడిని మరల పొయ్యిలో పెట్టితిమి గాని, ఆనాటి విందులో ఎవరికిని మనసు నిలువలేదు. ఆ మరుసటి వారమే ఉష్ణమాపకము కొంటిమి.

కోడిమాంసములో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టరు అను సూక్ష్మజీవులు తరచుగా ఉండును. అవి కోడి ప్రేగులలో నివసించి, కోయునపుడు మాంసమునకు అంటును. వాంతులు, విరేచనములు, జ్వరము వీనివలన కలుగును. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. ఇవి వేడికి తాళజాలవు. ఎంత వేడి యను ప్రశ్నకు భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ భోజనశాలలకు నిర్ణయించిన కొలత కలదు: మాంసము నడిమిభాగము 65 డిగ్రీలవద్ద 10 నిమిషములైనను, 70 డిగ్రీలవద్ద 2 నిమిషములైనను, 75 డిగ్రీలవద్ద 15 సెకండ్లైనను ఉండవలెను. వేడి తక్కువైనచో కాలము ఎక్కువ కావలెననియు, వేడి ఎక్కువైనచో క్షణములు చాలుననియు దీని భావము. ఇంటివారు ఈ లెక్కలన్నియు జ్ఞాపకముంచుకొన నక్కరలేదు. కోడికైనను, గొఱ్ఱెకైనను, ఖీమాకైనను, పందిమాంసమునకైనను నడుమ 75 డిగ్రీలు చూపినచో దింపవచ్చును. పాశ్చాత్యులు గొఱ్ఱె తొడను 63 డిగ్రీలకే దింపి, కొంతసేపు ఉంచి తినుట కలదు. మన నాలుకకు ఆ ఎఱ్ఱదనము రుచింపదు గనుక ఆ చర్చ మనకు వలదు.

రంగు చూచి నిర్ణయింపరాదా యని కొందరడుగుదురు. రంగు నమ్మదగిన సాక్షి కాదు. లేత ఫారముకోడి ఎముకవద్ద పూర్తిగా ఉడికిన పిమ్మటను ఎఱ్ఱగా కనబడవచ్చును. ఖీమా ఉడుకకమునుపే గోధుమవన్నెకు తిరుగవచ్చును. గడియారము మాటయో? పుస్తకములలోని కాలము సరియైన విద్యుత్తు సరఫరాను దృష్టిలో నుంచుకొని వ్రాసినది. 230 వోల్టులకు నిర్మించిన పొయ్యికి 200 వోల్టులే అందినచో, పుట్టు వేడి నాలుగింట మూడు పాళ్లకు తగ్గును. అనగా రెండువేల వాట్ల పొయ్యి పదునైదువందల వాట్ల పొయ్యి యగును. మన గ్రామములలో సాయంకాలము దీపము మందగించుట ఎవరికి తెలియదు? మీటపై 200 అని వ్రాసియున్నంత మాత్రమున లోపలి గాలి 200 డిగ్రీలు చేరినదని గాని, చేరినను ఎప్పుడు చేరినదని గాని చెప్పజాలము.

ఇక ఎట్టి ఉష్ణమాపకము కొనవలెను? ముందుగా కొనరానివి చెప్పుట మేలు. జ్వరము చూచు థర్మామీటరు సుమారు 35 నుండి 42 డిగ్రీలవరకే కొలుచును. వేడి మాంసమున గ్రుచ్చినచో పగులును. పాఠశాల ప్రయోగశాలలోని గాజుగొట్టము 100 డిగ్రీలు దాటి కొలిచినను వంటకు తగదు. గాజు పగిలి ఆహారమున కలియుటయే గాక, అందులో పాదరసము ఉన్నచో అది విషము. కరోనా వ్యాప్తించిన 2020లో నుదుటికెదురుగా పట్టి చూచిన తుపాకి వంటి సాధనము పలువురకు పరిచయమే. నుదుటికి ఉద్దేశించినది వంట వేడిని కొలువనే కొలువదు. వంటకై అమ్ము అట్టి సాధనము సైతము పైభాగపు వేడినే తెలుపును. మనకు కావలసినది లోపలి సంగతి.

తగినవి మూడు రకములు. మొదటిది గడియారము వంటి ముఖమును, ఉక్కు సూదియు గలది. సూదిలోపల రెండు లోహములను అతికించి చుట్టగా చుట్టియుందురు. వేడికి ఒక లోహము రెండవదానికంటె ఎక్కువ సాగుటచే చుట్ట మెలితిరిగి ముల్లును త్రిప్పును. బ్యాటరీ అక్కరలేదు, క్రిందబడినను సామాన్యముగా చెడదు గాని ముల్లు తప్పును. దీని లోపమేమనగా, వేడిని గుర్తించుభాగము సూదికొననుండి దాదాపు రెండంగుళముల పొడవున వ్యాపించియుండును. గొఱ్ఱె తొడ వంటి దళసరి మాంసమునకు ఇది సరిపోవును. పలుచని ముక్కకు సరిపోదు. ముల్లు నిలుచుటకు పావు నిమిషమునకు పైగా పట్టును.

రెండవది అంకెలు చూపు సూది. గ్రహించుభాగము కొనయందే ఉండును గనుక చిన్న ముక్కనైనను కొలుచును. పది సెకండ్లలో అంకె తెలియును. అంతకంటె త్వరగా తెలుపునవి కలవు గాని వాని వెల ఎక్కువ. దీనిని మాంసమున గ్రుచ్చి, చూచి, తీసివేయవలెనే గాని ఓవెనులో విడువరాదు. ప్లాస్టిక్ తల కరగిపోవును. మూడవది తీగ గలది. సూది మాంసములోనే ఉండును. వేడికి తాళు తీగ తలుపు సందునుండి బయటికి వచ్చి, పెట్టెకు కలియును. కోరిన వేడి చేరగానే గంట మ్రోగును. పలుమారు తలుపు తెరచి వేడి పోగొట్టుకొను పని యుండదు. కాని తీగ తలుపున నలిగినచో పరికరము పోయినట్లే.

ఒక కుటుంబమునకు రెండవరకమే మేలని మా అభిప్రాయము. కొన్ని వందల రూపాయలలో లభించును. కొనునపుడు సూది తుప్పుపట్టని ఉక్కుదిగా, నాలుగంగుళములకు తక్కువ కాకుండ ఉన్నదో లేదో, 200 డిగ్రీలవరకు కొలుచునో లేదో, తప్పు ఒక డిగ్రీకి మించదని వ్రాసియున్నదో లేదో చూడవలెను. మరియొక చిన్న విషయమున పెద్ద పొరపాటు జరుగును. ఇట్టి సాధనములు సెంటిగ్రేడులోను, ఫారన్‌హీటులోను చూపును. 165 ఫారన్‌హీటు అనగా 74 సెంటిగ్రేడు. మీట తెలియక ఒత్తి 75 ఫారన్‌హీటు చూచి దింపినచో ఆ మాంసము మన వేసవి నీడకంటెను చల్లనిది! కొన్ననాడే సెంటిగ్రేడునకు త్రిప్పి యుంచవలెను.

కొన్న వస్తువును పరీక్షింపక నమ్మరాదు. గ్లాసునిండ నలుగగొట్టిన మంచుగడ్డ నింపి, సందులు నిండునట్లు నీరు పోసి, కలిపి, రెండు మూడు నిమిషములు ఉంచవలెను. సూదికొన గ్లాసునకు తగులకుండ ముంచినచో సున్న చూపవలెను. మసలు నీటిలో సరిగా 100 చూపనంతమాత్రమున చెడిపోయినదని తలపరాదు. సముద్రమట్టమునకు ప్రతి 300 మీటర్ల ఎత్తునకు నీరు మసలు వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గును. మెట్టపైనున్న జనగామలో 99 లోపుగా చూపు సాధనము, గోదావరి యొడ్డున పల్లమునున్న కాళేశ్వరమున మరికొంత ఎక్కువ చూపును. రెండుచోట్లను అది నిజమే చెప్పినట్లు.

కొలుచునపుడు కోడికి తొడ మొదలు, రొమ్ము దళసరిభాగము రెండును చూడవలెను. ఎముకకు సూది తగులరాదు; ఎముకయొద్ద అంకె మాంసపు నిజమైన వేడిని చెప్పదు. ఆవలి ప్రక్కకు పొడుచుకొనిపోయి పళ్లెమునకును తగులరాదు. రెండు మూడు తావుల గ్రుచ్చి, అన్నిటిలో తక్కువ అంకెను లెక్కలోనికి తీసికొనవలెను. పచ్చిమాంసమున గ్రుచ్చిన సూదిని సబ్బునీటితో కడుగక మరల గ్రుచ్చుట, చంపిన పురుగును తిరిగి నాటుటయే.

ఇది ఒక ఇంటి విషయముగా మొదలైనను పంచాయతీకి సంబంధము లేకపోలేదు. గురుకుల పాఠశాలల వంటశాలలు, వసతిగృహములు, 2024 నుండి మహిళా సంఘములు నడుపుచున్న ఇందిరా మహిళాశక్తి క్యాంటీన్లు, పెండ్లి విందులు మన కన్నుల ముందున్నవి. ఇచట ఓవెను లేకపోయినను ఉష్ణమాపకమునకు పని కలదు. పచ్చిమాంసముపై బియ్యము పరచి దమ్ముపెట్టు బిర్యానీ డేగిసా ఓవెను వంటిదే. అడుగు మాడినను నడుమ సంగతి ఎవరికి తెలియును? అంతకంటె ముఖ్యము వడ్డనకు ముందు నిలువయుంచు వేళ. మధ్యాహ్నము వండిన కూర పెద్ద పాత్రలో రాత్రివరకు గోరువెచ్చగా ఉండును. వంట వేడికి చావని కొన్ని సూక్ష్మజీవుల బీజములు ఆ గోరువెచ్చదనములోనే మేల్కొని కోటానుకోట్లుగా పెరుగును. 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ ఆహారమును గంటలకొలది ఉంచరాదనుట ఇందుకే. కూరను సన్నని సెగపై 70 డిగ్రీలకు తగ్గకుండ ఉంచుట, లేదా చిన్న పాత్రలలోనికి పంచి త్వరగా చల్లార్చుట, ఈ రెండే మార్గములు. మరల వేడిచేసినపుడు నడుమ 75 చూపవలెను. ఇట్టి వంటశాలలకు అంకెలది యొకటి, బ్యాటరీ అక్కరలేని ముల్లుది యొకటి, రెండును ఉండుట మంచిది.

అయినను ఈ సాధనము చేయలేని పనులు కలవు. పాచిన ఆహారములో కొన్ని సూక్ష్మజీవులు విడిచిన విషము 100 డిగ్రీలకును విరుగదు. తానుగా చచ్చిన గొఱ్ఱెను కోసి చౌకగా అమ్ము దురాచారమునకు కూడ ఇది మందు కాదు. 2021 అక్టోబరులో వరంగల్లు వైపు దుగ్గొండి మండలము చాపలబండలో గొఱ్ఱెలు దొమ్మరోగముతో చచ్చిన సంగతి మరువరాదు. ఆ రోగబీజములు సామాన్యమైన వంటకు చావవు. మాంసము కోయువానికే ముందు అంటును. అట్టి గొఱ్ఱెను కోయక, పశువైద్యునికి తెలిపి, ఆయన చెప్పినచోట లోతుగా పూడ్పించుట పంచాయతీ పని. పక్షిజ్వరము సంగతి వేరు. 2025 ఆరంభమున గోదావరి జిల్లాల కోళ్లకు అది సోకినపుడు మన ప్రాంతమునను కోడి తినుటకు వెఱచిరి. ఆ క్రిమి 70 డిగ్రీల వేడికి నశించును.

పని ముగిసిన పిమ్మట సూదిని కడిగి, తుడిచి, ఒరలో నుంచవలెను. తలను నీట ముంచరాదు. చాలకాలము వాడనిచో బిళ్ల బ్యాటరీని తీసి, పిల్లలకు అందని చోట దాచవలెను. మ్రింగినచో కడు ప్రమాదకరము. మంచునీటి పరీక్షను నెలకొకమారు, సాధనము క్రిందబడిన ప్రతిసారియు చేయవలెను.