బోదకాలు : తెలుగువాడు కనుగొన్న మందు, నేటి పరిశోధనలు

గౌతమీ నది నుండి కోరంగి పాయ విడివడుచోట మా యానాం పట్టణమున్నది. చుట్టును నీరే. కాలువలు, చెరువులు, వరిచేలు, మడ అడవులు, వాని కావల సముద్రము. ఈ నీరే మనకు అన్నము పెట్టినది. ఈ నీటి చెంతనే మురుగు నిలిచినచోట దోమ పెరిగినది. దోమతో బోదకాలు వచ్చినది. గోదావరీ తీరమున పుట్టి పెరిగినవారిలో, చిన్ననాడు తమ వీథిలో ఏనుగు కాలువలె ఉబ్బిన కాలితో అరుగుపై కూర్చున్న యొక వృద్ధునో వృద్ధురాలినో చూడనివారు అరుదు. మా అమ్మమ్మయే అట్టివారిలో నొకతె. ఆమె కడపటి యిరువదియేండ్లలో ఒక్క పెండ్లికిని పోలేదు. పిలిచినవారితో "ఇల్లు కనిపెట్టుకొని ఉండాలి గదా" అని చెప్పెడిది. ఆమె ఇల్లు కనిపెట్టుటకు కాదు, కాలు కనబడకుండుటకే ఇంట నుండెనని నాకు పెద్దవాడనైన పిమ్మటగాని తెలియలేదు.

నేను భాషోపాధ్యాయుడను, వైద్యుడను గాను. ఈ విషయమును గూర్చి చదువ నారంభించుటకు ఒక బాలుని ప్రశ్న కారణమైనది. కొన్ని యేండ్ల క్రిందట నేనొక డెల్టా గ్రామమున పనిచేయుచుండగా, ఊరివారందరికిని బోదకాలు రాకుండుటకై మాత్రలు పంచిరి. మరునాడు బడి వెనుక మురుగు కాలువలో ఆ మాత్రలు తెల్లగా తేలుచుండెను. తరగతిలో అడుగగా ఒక బాలుడు లేచి, "మాకు జబ్బు లేదు గదండీ మాస్టారూ, జబ్బు లేనోళ్ళం బిళ్ళలెందుకు మింగాలండీ?" అనెను. ఆనాడు నాకు సమాధానము తోచలేదు. ఈ వ్యాసము ఆ బాలునికి ఆలస్యముగా చెప్పుచున్న సమాధానము.

మొదట వ్యాధి స్వరూపమును చూతము. దీనికి కారణము వూచెరేరియా బాంక్రాఫ్టీ యను దారమువంటి సన్నని పురుగు. అది మన శరీరములోని శోషరస నాళములలో కాపురముండును. రక్తనాళముల నుండి ఊరి కండరముల నడుమ చేరు నీటిని మరల రక్తములోనికి చేర్చునవే ఈ నాళములు. పొలమునకు మురుగు కాలువ ఎట్టిదో శరీరమునకు ఇవి అట్టివి. కాలువ పూడినచో చేను ఉరకలెత్తినట్లే, ఈ నాళములు చెడినచో కాలు ఉబ్బును. పురుషులకు వరిబీజము దిగును. పెద్ద పురుగులు ఆరు మొదలు ఎనిమిదేండ్ల వరకు జీవించి, లక్షలకొలది పిల్లపురుగులను రక్తములోనికి విడుచును. వీనికే మైక్రోఫైలేరియాలని పేరు.

ఈ జ్ఞానము ఒక్కనాట కలిగినది కాదు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనుష్యరక్తమున ఈ పిల్లపురుగులను చూచెను. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్ట్ పెద్ద పురుగును కనుగొనెను. 1877లో చైనాలోని అమోయ్ రేవున పాట్రిక్ మాన్సన్, రోగిని కుట్టిన దోమ కడుపులో ఈ పురుగు పెరుగుటను గమనించెను. ఒక కీటకము మనుష్యరోగమును మోయునని తెలిసినది అదియే మొదటిసారి. ఆ మాన్సన్ ప్రోత్సాహముతోనే రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదున మలేరియా దోమ రహస్యమును ఛేదించెను.

ఈ పిల్లపురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళములలో దాగి, రాత్రి పది గంటల నుండి రెండు గంటల వరకు చర్మము దగ్గరి రక్తములోనికి వచ్చును. మురుగునీటిలో పుట్టు క్యూలెక్స్ దోమ కుట్టునదియు ఆ వేళనే. పూర్వము రక్తపరీక్షకు ఉద్యోగులు అర్ధరాత్రి తలుపు తట్టుటకు ఇదియే కారణము. పురుగు విడుచు ప్రతిజనకమును పట్టు చిన్న పట్టీల వలన నేడు పగటివేళనే వ్రేలి రక్తపు చుక్కతో పరీక్ష చేయగలుగుచున్నారు.

ఇక బాలుని ప్రశ్నకు వత్తము. పిల్లపురుగులు రక్తములో నున్న మనుష్యునికి చాల కాలము ఏ బాధయు తెలియదు. కాలు ఉబ్బదు, జ్వరము రాదు. అతడు పొలము పోవును, నిద్రపోవును. నిద్రలో దోమలకు పురుగులను పంచిపెట్టును. సుమారు రెండు వారములలో ఆ పురుగు దోమలో ఎదిగి మరియొకనిని చేరును. కాలు ఉబ్బిన ముదుసలి రక్తములో తరచుగా పిల్లపురుగులుండవు. ఆరోగ్యవంతుడని తలచు యువకుని రక్తములోనే యుండవచ్చును. అనగా చూచుటకు రోగి యైనవాడు అంటించువాడు కాకపోవచ్చును. అంటించువాడు రోగివలె కనబడడు. కనుకనే ఊరంతయు ఒకేసారి మాత్రలు మ్రింగవలెను. నూటికి పదుగురు మానినను ఆ పదుగురిలో పురుగు నిలిచిపోవచ్చును.

ఆ మాత్రలలో మొదటిదాని పేరు డైఇథైల్‌కార్బమజైన్. దానిని గూర్చి తెలుగువాడు గర్వింపదగిన కథ యొకటి కలదు. 1895 జనవరి 12న భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో చదివిరి. వారి సోదరులు స్ప్రూ యను ఉష్ణదేశపు గ్రహణీ రోగముతో మరణించిరి. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కూర్చిన ధనముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతోను 1922 అక్టోబరులో బోస్టను నగరము చేరిరి. హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ యను ద్రవ్యములపై వారి పరిశోధన 1927, 1929 సంవత్సరములలో వెలువడినది. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ ప్రయోగశాలలకు పోయిరి.

రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలో నున్న అమెరికా సైనికులు వేలకొలది ఫైలేరియా వాతబడిరి. మందు లేదు. లెడర్లీలో సుబ్బారావుగారి పర్యవేక్షణమున హెవిట్, కుష్నర్ మొదలగువారు పైపరజీన్ యను రసాయనమునుండి పుట్టిన అనేక ద్రవ్యములను, ఫైలేరియా సోకిన పత్తి యెలుకలపైనను కుక్కలపైనను పరీక్షించి, 1947లో ఈ మందును ప్రకటించిరి. ఆ సంవత్సరమే ప్యూర్టోరికోలో మనుష్యులకిచ్చి గుణము చూచిరి. హెట్రజాన్ అను పేరుతో అది లోకమునకు వచ్చినది. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు తమ యేబది మూడవ యేట పరమపదించిరి. వారు మరల భారతదేశమును చూడలేదు; వారి మందు మాత్రము వారు పుట్టిన గోదావరీ తీరమునకు మాత్ర రూపమున తిరిగివచ్చినది. మా బడి వెనుక కాలువలో తేలినది ఆ మాత్రయే.

ఈ మందు పనిచేయు తీరు విచిత్రమైనది. గాజుపాత్రలో పురుగులపై పోసినచో అంతగా చంపదు. శరీరములో మాత్రము మన రక్షక కణముల తోడ్పాటుతో పిల్లపురుగులను శీఘ్రముగా నశింపజేయును. పురుగులు చచ్చునప్పుడు కొందరికి జ్వరము, తలనొప్పి, ఒడలునొప్పులు కలుగును. ఇది మందు చేసిన చెడుపని యని జనులు భయపడుదురు. నిజమునకు ఏ పురుగును లేనివానికి ఈ బాధ సాధారణముగా రాదు. బాధ కలిగినవానికే మందు అవసరము ఎక్కువ. ఒకటి రెండు దినములలో అది తగ్గిపోవును. రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు, తీవ్రరోగులకు ఈ మాత్ర ఇయ్యరు.

మాత్ర మ్రింగుటకు జనులు వెనుదీయుట చూచి కొందరు శాస్త్రజ్ఞులు ఉప్పులో ఈ మందును స్వల్పముగా కలిపి పంచిరి. చైనా దేశము ఈ పద్ధతిని విరివిగా వాడి, 2007లో ఈ వ్యాధి నిర్మూలనమును సాధించినట్లు గుర్తింపు పొందినది. యానామువలెనే పూర్వము ఫ్రెంచి పాలనలో నుండి నేడు పుదుచ్చేరిలో భాగమైన కారైకాలునందును 1980 దశకమున మందుప్పును ప్రయోగించి చూచిరి.

అయినను ఒక లోపము మిగిలియున్నది. ఈ మందు పెద్ద పురుగులన్నిటిని చంపదు. కనుక ఏటేటా ఇయ్యవలసివచ్చును. భారతదేశమున 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ పథకము ఆరంభమైనది; 2004 నుండి సామూహికముగా మాత్రలు పంచుచున్నారు; 2007 నుండి ఆల్బెండజోల్ అను రెండవ మందు చేర్చిరి. మూడవది ఐవర్‌మెక్టిన్. జపాను దేశపు మట్టిలో దొరికిన యొక సూక్ష్మజీవి నుండి సతోషి ఒమురా, విలియం కాంబెల్ పరిశోధనల వలన ఇది లభించినది. ఇందులకు వారు 2015 నోబెల్ బహుమానమున భాగస్థులైరి. పాపువా న్యూగినీలో ఈ మూడు మందులను ఒక్కసారి కలిపి యిచ్చి చూచిన పరిశోధన 2018లో వెలువడినది. సంవత్సరము గడచిన పిదప, మూడు మందులు పుచ్చుకొన్నవారిలో నూటికి 96 మంది రక్తమున పిల్లపురుగులు లేవు. రెండు మందులే ఒక్కసారి పుచ్చుకొన్నవారిలో 32 మందికి మాత్రమే రక్తము శుద్ధమైనది. మన దేశమునందును 2018 నుండి కొన్ని జిల్లాలలో మూడు మందుల పద్ధతిని ప్రవేశపెట్టి, 2027 నాటికి వ్యాధిని తొలగింపవలెనను లక్ష్యమును పెట్టుకొనిరి.

పెద్ద పురుగును చంపు వెదకులాటలో మరియొక వింత బయటపడినది. ఈ పురుగు శరీరములో వోల్బాకియా యను బాక్టీరియా కాపురముండును. అది లేనిదే పురుగు పిల్లలను పెట్టలేదు, చిరకాలము బ్రతుకలేదు. కనుక పురుగును విడిచి, దానికి అండయైన బాక్టీరియాను చంపు ఆలోచన పుట్టినది. డాక్సీసైక్లిన్ అను మందును ఎనిమిది వారములు ఇచ్చి చూడగా పెద్ద పురుగులే నశించినట్లు టాంజానియాలో జరిగిన పరిశోధన 2005లో తెలిపినది. ఈ డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబములో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినదియు సుబ్బారావుగారు పరిశోధనాధిపత్యము వహించిన లెడర్లీ నుండియే. అయితే వారములకొలది మ్రింగవలసిన మందును ఊరంతటికి పంచుట సాధ్యము కాదు. గర్భిణులకును చిన్న పిల్లలకును ఇయ్యరాదు. కొలది దినములలో పనిచేయు ఇట్టి మందుకై పరిశోధన సాగుచున్నది.

మందు సగము, నీరు సగము. 1975లో పుదుచ్చేరిలో నెలకొల్పిన కీటక నియంత్రణ పరిశోధనా కేంద్రము ఈ రెండవ సగమున కృషి చేసినది. 1976లో ఇజ్రాయేలు ఎడారిలో దొరికిన బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అను బాక్టీరియా దోమపిల్లలకు మృత్యువు. అది తయారుచేయు స్ఫటికమును దోమపిల్ల తినగా, దాని ప్రేగులోని క్షారగుణమున స్ఫటికము కరగి, ప్రేగుగోడకు రంధ్రములు చేయును. మన కడుపులో ఆమ్లముండుటచే మనకు హాని లేదు. ఈ జాతికే చెందిన బీ17 అను రకమును పుదుచ్చేరి కేంద్రమువారు వాడుకకు అనువుగా సిద్ధపరచిరి. జాంజిబారు దీవిలో పాయిఖానా గుంటల నీటిపై తెల్లని పాలిస్టైరీన్ పూసలను దట్టముగా పరచిరి. దోమపిల్లలు ఊపిరి తీయలేక చచ్చెను. మందుతోబాటు ఇది జరుగుటచే వ్యాధి శీఘ్రముగా తగ్గెను. 2022లో పుదుచ్చేరి కేంద్రమువారు వోల్బాకియా గల ఈడిస్ దోమలను సిద్ధపరచినట్లు ప్రకటించిరి. ఇవి డెంగ్యూ, చికున్‌గున్యాలను అడ్డుటకే గాని బోదకాలునకు గావు. పురుగులో శత్రువునకు అండయైన బాక్టీరియాయే వేరొక దోమలో మనకు అండయగుచున్నది.

ఇప్పటికే కాలు ఉబ్బినవారి మాటయేమి? ఉబ్బిన చర్మపు పగుళ్ళ గుండ సూక్ష్మజీవులు చొచ్చుటచేతనే మాటిమాటికి జ్వరము వచ్చి, వచ్చినప్పుడెల్ల కాలు మరింత పెరుగును. ప్రతిదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులు తడిలేకుండ తుడిచి, పుండ్లకు మందు వేసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా నుంచి, మడమను కదలించుచుండినచో ఈ జ్వరములు చాలవరకు తగ్గును. వరిబీజమునకు శస్త్రచికిత్స కలదు. మా అమ్మమ్మకు ఈ మాట చెప్పినవారు లేరు. సబ్బు, నీరు, గుడ్డ ఇంటనే యుండెను. తెలివిడి మాత్రము ఇల్లు చేరలేదు.

నాకు మిగిలిన చింత యిది. ఆనాడు మాత్రలతో వచ్చిన కరపత్రము చదివితిని. అందు "సామూహిక ఔషధ సేవన" మని యున్నది; జబ్బు లేనివాడేల మ్రింగవలెనో ఒక్క వాక్యమును లేదు. మాత్రను కనుగొన్నవాడు భీమవరపు తెలుగువాడని లేదు. శాస్త్రము ప్రయోగశాలలో గెలిచి, భాషలో ఓడిపోయెను. తెలుగు అల్పసంఖ్యాకుల భాషగానున్న ప్రాంతములలో ఈ చిక్కు మరింత యెక్కువ. కనుక తెలుగు సంఘములు పద్యపఠనములతోబాటు ఇట్టి విషయములను కూడ జనులకు వారి మాటలలో చెప్పుట తమ పనిగా నెంచవలెను. నేడు ఎవడైన బాలుడు ఆ ప్రశ్నయే అడిగినచో నేను చెప్పు సమాధానమిది: "నాయనా, నీ ఒంట్లో పురుగు లేకపోవచ్చు, ఉన్నా నీకు తెలియదు. నీ కోసమొకటి, మీ పక్కింటివారి కోసమొకటి అనుకొని మింగు."