నదిలేని రేవు: మన కినత్తుకడవు

మన కినత్తుకడవు కోయంబత్తూరు నుండి పొల్లాచికి పోవు దారిలో, ఇంచుమించు ఆ రెండు పట్టణముల నడుమ నున్నది. తమిళమున ‘కిణఱు’ అనగా బావి. ‘కడవు’ అనగా రేవు, దాటుచోటు. మన తెలుగు క్రియ ‘కడచు’ ఈ రెండవ పదమునకు చుట్టమే. పేరులో రేవున్నను ఊరిలో నది లేదు. నీటిని వెదకి సాధించుటయే ఈ ప్రాంతపు చరిత్ర యని మేము తలంచుచున్నాము.

మనకు ఉత్తరమున నొయ్యలు నది కలదు. అది తూర్పునకు ప్రవహించి కావేరిలో కలియును. దక్షిణమున ఆనమల కొండలలో పుట్టిన ఆళియారు పడమరగా కేరళమునకు పోయి భారతపుళను చేరును. ఒక నీరు బంగాళాఖాతమునకు, మరియొక నీరు అరేబియా సముద్రమునకు పోవుచుండగా, నడుమ నున్న పొలములకు బావియే దిక్కయ్యెను.

విజయనగర రాజుల కాలమునను, 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో నెలకొల్పిన నాయక రాజ్యకాలమునను తెలుగువారు పెక్కుమంది దక్షిణమునకు తరలివచ్చిరి. వారిలో కొందరు ఈ కొంగునాట నల్లరేగడి నేలలు దున్ని, బావులు త్రవ్వి స్థిరపడిరి. ఎద్దులను కట్టి తోలుబానతో నీరు తోడు ఏర్పాటును తమిళులు ‘కవలై’ యనగా, తెలుగువారు ‘కపిల’ యనిరి. విద్యుత్ పంపులు వచ్చిన పిదప కపిల మూలబడినది. దానితోడనే బాన, తొండము, మోకు, గిలక అను మాటలును మరుగగుచున్నవి.

1970లో సంతకమై, 1958 నుండియే వర్తించునట్లు కుదిరిన పరంబికుళం–ఆళియారు ఒప్పందమువలన, పడమటికి పోవు నీటిలో కొంత తూర్పు మైదానమునకు మరలినది. నేడు మన ఊరి టమాటా సంత పేరొందినది; పరిసరములలో కొబ్బరితోటలు కనులపండువుగా నున్నవి. 1915లో వేసిన పోదనూరు–పొల్లాచి రైలుమార్గము 2017లో బ్రాడ్‌గేజిగా మారినది.

వినోదములకును కొదువ లేదు. కొండమీది పొన్మలై వేలాయుధస్వామి ఆలయమునకు మెట్లెక్కి పోయినచో చుట్టుపట్ల పొలములెల్ల కనబడును. ఎద్దుల రేక్లా పందెములు కొంగునాటి యువకులకు ప్రాణము. తెలుగు మాటలాడు రాజకంబళ నాయకుల దేవరాట్టము, దేవదుందుభి మ్రోతకు అడుగులు కలుపు నృత్యము, తమిళనాటి కంతటికిని గర్వకారణము.

విద్యార్థులారా! మన యిండ్లలో తెలుగు నోట నున్నది గాని పెక్కుర చేతిలో లేదు. మీ తాతలను, అవ్వలను అడిగి కపిలకు, సేద్యమునకు, పండుగకు చెందిన మాటలను తెలుగు లిపిలో వ్రాసికొనుడు. తలిదండ్రులారా! ఆ పిల్లల ప్రక్కన కూర్చుండి చెప్పుడు. త్రవ్విన బావియైనను తోడనిచో పూడిపోవును గదా!